ఔషధము ఉమ్మడి సొత్తు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలయందు గ్రంథ ప్రశంస చేయుట వాడుక. అందుకు సమర్థులైన పెద్దలు ఈ వేదికపై పలువురు కలరు. ఈ ప్రసంగమునకు ఎన్నుకొన్న విషయము వేఱు. ఇంటింట గూటిలోను, అటకపైనను, చీరకొంగు ముడిలోను కనబడు మందుబిళ్ళలను గూర్చినది ఇది. పుస్తకముల నడుమ బిళ్ళల ప్రసక్తి ఏల యని కొందఱికి తోచవచ్చును. పుస్తకము ఉమ్మడి సొత్తు. ఒకడు పుటలు చింపినచో తరువాతి చదువరి నష్టపోవును. కొన్ని మందులును అట్టి ఉమ్మడి సొత్తులే యని చెప్పుటయే ఈ ప్రసంగ తాత్పర్యము.

బాన్సువాడ ప్రాంతమువారికి ఉమ్మడి సొత్తు అనగా నేమో వేఱుగ బోధింపనక్కఱలేదు. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఈ నేలను మాగాణి చేసెను. నవాబు అలీ నవాజ్ జంగు ఇంజనీరుగ నుండి మంజీరపై కట్టించిన ఆనకట్ట అది. కాలువ తలయందున్న రైతు తూము తెఱచి ఇష్టము వచ్చినట్లు పాఱించుకొన్నచో, తోకయందున్న వాని మడి ఎండును. తలవానికి దుర్బుద్ధి ఉండనక్కఱలేదు. లెక్క లేకుండుటయే చాలును. ఈ సామ్యమును మనసున నుంచుకొని అసలు విషయమునకు వత్తము.

రోగములు కలిగించు సూక్ష్మజీవులు కంటికి కానరావు. సూక్ష్మదర్శిని క్రింద చూచినను పెక్కు జీవులు గాజువలె ఉండి స్పష్టముగ తెలియవు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అను డెన్మార్కు వైద్యుడు బెర్లిను నగరమున పనిచేయుచు ఒక ఉపాయము వెల్లడించెను. గాజుపలకపై సూక్ష్మజీవులకు ఊదారంగు పట్టించి, అయొడిన్ ద్రావకము పోసి, పిదప ఆల్కహాలుతో కడిగెను. కొన్ని జీవులు రంగును విడువక నిలుపుకొనెను, కొన్ని విడిచివేసెను. రంగరేజు చేతిలో ఒక గుడ్డ రంగు పట్టి, మఱియొక గుడ్డ వెలిసిపోయినట్లు అయినది. రంగు నిలుపుకొన్నవానికి గ్రామ్ పాజిటివు అనియు, విడిచినవానికి గ్రామ్ నెగటివు అనియు పేర్లు ఏర్పడినవి. ఈ రెండవ తెగ తెలిసి వచ్చుటకై, కడిగిన పిదప ఎఱ్ఱరంగు పూయుట తరువాతివారు నేర్పిన పద్ధతి.

ఇది వట్టి రంగుల ముచ్చట కాదు. రంగు నిలుచుట, పోవుట అను భేదము వెనుక కోట కట్టడములోని భేదము దాగియున్నది. గ్రామ్ పాజిటివు జీవికి ఒకే గోడ, కాని అది దళసరి. గ్రామ్ నెగటివు జీవికి లోపలి గోడ పలుచన. అయినను దానికి వెలుపల క్రొవ్వుతో కూడిన రెండవ పొర యొకటి చుట్టియుండును. ఆ పొరలో చిన్నచిన్న ద్వారములు కలవు. ఆ ద్వారములలో పట్టని మందు వెలుపలనే నిలిచిపోవును. పట్టి లోనికి వచ్చిన మందును మోటతో నీరు తోడినట్లు తిరిగి బయటికి తోడిపోయు యంత్రములు కొన్నింటికి కలవు. రెండు గోడల నడుమ మందును ముక్కలు చేయు రసములను కొన్ని దాచుకొనును. ఇంతియే కాక, ఆ వెలుపలి పొర తునుకలు మనుష్యుని రక్తమున పడినచో విషమై, జ్వరము హెచ్చి, రక్తపుపోటు పడిపోయి, ప్రాణము మీదికి వచ్చుట కలదు.

ఈ తెగవారి చరిత్ర మన పెద్దల కన్నీటి చరిత్రయే. ఊళ్ళను ఊడ్చిన గత్తర ఈ తెగదే. సన్నిపాత జ్వరమని భయపడిన టైఫాయిడును ఈ తెగదే. ఎలుకలు రాలగానే జనము ఇండ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనునట్లు చేసిన ప్లేగును ఈ తెగదే. నేడు స్త్రీలను తఱచుగ బాధించు మూత్రపు మంటకు ముఖ్యకారణమైన ఇ. కోలై యను జీవియు, దవాఖానలలో బలహీనులను పట్టుకొను క్లెబ్సియెల్లా యను జీవియు ఈ కులమువే.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనెను. లోకమంతయు దానిని దివ్యౌషధమని కొనియాడెను; ఆ కీర్తికి అది తగినదే. అయినను టైఫాయిడు జీవి దానికి లొంగలేదు. ఫ్లెమింగ్ 1929లో ప్రకటించిన వ్యాసములోనే ఒక విచిత్రమున్నది. ఇన్‌ఫ్లుయెంజా బాసిలస్ అను గ్రామ్ నెగటివు జీవిని ఇతర జీవులనుండి వేఱుచేసి పెంచుటకు ఆయన పెనిసిలిన్‌ను వాడెను. చుట్టుప్రక్కలవి చచ్చును, ఇది బ్రతుకును. అందువలన ఏఱుట సులభము. రెండవ గోడ మహిమ అంతటిది.

ఆ గోడను దాటు ఆయుధములు నేలనుండియే లభించినవి. 1943లో అమెరికాలోని రట్గర్స్ విద్యాసంస్థయందు సెల్మన్ వాక్స్‌మన్ పరిశోధనశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని జీవినుండి స్ట్రెప్టోమైసిన్ తీసెను. అది క్షయకును, గ్రామ్ నెగటివు జీవులు పెక్కింటికిని పనికివచ్చెను.

ఇచట ఒక తెలుగువాని పేరు భక్తితో తలపవలయును. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. ఆయన యౌవనమున సోదరులిద్దఱు కొద్ది దినముల తేడాలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. తిన్నది ఒంటబట్టక, విరేచనములతో మనుష్యుడు శుష్కించి పోవు వ్యాధి అది. సుబ్బారావు మదరాసున వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీర రసాయనమును మథించెను. 1940లో లెడర్లె ఔషధ పరిశోధనశాలలో ప్రవేశించి, కొలదికాలములోనే అచటి పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారైనది.

అదే శాలలో బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు డెబ్బది యేండ్లు దాటిన పిదప ఉద్యోగమున చేరి, దేశమంతటినుండి మన్ను తెప్పించి పరీక్షించుచుండెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు సేద్యక్షేత్రమునుండి వచ్చిన మన్నులో ఒక జీవి బంగారు వన్నెగల పదార్థమును పుట్టించుట కనబడెను. దానికి ఆరియోమైసిన్ అని పేరిడిరి. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అదియే పెద్దబిడ్డ. గ్రామ్ పాజిటివు, గ్రామ్ నెగటివు అను రెండు తెగలలోను పెక్కు జీవులపై పనిచేయుట దాని విశేషము. ఆ యేట ఆగస్టు మాసముననే సుబ్బారావు యాబదిమూడేండ్ల ప్రాయమున కన్నుమూసెను.

ఒక్క సంగతి గమనింపదగినది. ఆయన సోదరులను హరించిన స్ప్రూకు నేటి చికిత్స ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్‌ను కలిపి కొన్ని మాసములు ఇచ్చుటయే. ఆ వ్యాధిలో చిన్నప్రేగులయందు గ్రామ్ నెగటివు జీవులు మితిమీఱి చేరియుండుట కనబడుచున్నది. తన ఇంటిలో ఇద్దఱిని కాపాడుకొనలేని వాని నాయకత్వమునుండి, లోకమున ఎందఱి ఇండ్లనో నిలిపిన మందులు రెండు వెలువడినవి.

టైఫాయిడునకు సరియైన ఆయుధము క్లోరాంఫెనికాల్. 1947లో వెనిజులా దేశపు మట్టినుండి వచ్చిన జీవియందు ఇది దొరకినది. 1948లో థియోడర్ వుడ్‌వర్డ్ మొదలగు వైద్యులు మలయా దేశమున టైఫాయిడు రోగులకు దీనిని ఇచ్చి గుణము చూచిరి. అంతకు పూర్వము టైఫాయిడు వచ్చినవాడు మూడు నాలుగు వారములు మంచముపై కాగుచుండెడివాడు; నూటికి పదిమందియో, అంతకు మిక్కిలియో మరణించుచుండిరి. ఈ మందుతో మూడు నాలుగు దినములలో జ్వరము దిగజొచ్చెను. అరుదుగ ఎముకలలోని మజ్జను ఎండించి ప్రాణము తీయు దోషము ఆ మందునకు కలదు. అయినను అది లక్షలమంది తల్లులకు బిడ్డలను దక్కించెను.

ఇంతవఱకు జమ. ఇక ఖర్చు చూడవలయును.

రైతు మంచి కంకులను ఏఱి విత్తనమునకు దాచును. అరకొఱ మందు సూక్ష్మజీవులకు ఆ రైతు పనియే చేసిపెట్టును. బలహీనమైనవానిని చంపి, మందునకు ఓర్చినవానిని విత్తనముగ మిగుల్చును. ఇ. కోలై వంటి జీవి అనుకూలమైన తావున ఇరువది నిమిషములకు ఒకటి రెండగును. ఆ లెక్కన ఎనిమిది గంటలలో ఒకటి 1,67,77,216 అగును. రాత్రి పడుకొని ఉదయము లేచునంతలో ఒక విత్తనము కోటిన్నర దాటిన మాట! ఇంతియే కాదు, మందును ఓడించు విద్యను ఒక జాతి సూక్ష్మజీవి మఱియొక జాతికి సైతము అందింపగలదు. దొంగ తాళపుచెవికి నకలు తీసి ఊరూర పంచినట్లుండును.

టైఫాయిడు కథలో ఇది వరుసగా జరిగినది. 1972లో మెక్సికో దేశమునను, మన దేశమున కేరళలోని కాలికట్టునను క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడు వ్యాపించెను. 1990 ప్రాంతమునకు మన దేశమున పాత మందులు మూడింటికిని లొంగని టైఫాయిడు ప్రబలెను. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చి ఆదుకొన్నది. పదియేండ్లు గడువకముందే దాని పదును మొద్దువాఱినది. పిదప సూదిమందుగ సెఫ్ట్రియాక్సోన్, బిళ్ళగ అజిత్రోమైసిన్ ముందునకు వచ్చినవి. 2016లో సింధు దేశపు హైదరాబాదులో సెఫ్ట్రియాక్సోన్‌కును లొంగని టైఫాయిడు బయలుదేఱెను. బిళ్ళలలో అజిత్రోమైసిన్ ఒక్కటియే దానికి మిగిలినది.

ఇతర జీవుల కథ ఇంతకంటె భయంకరము. 2008లో భారతదేశము చూచిపోయిన ఒక రోగికి స్వీడన్ దేశమున పరీక్ష చేయగా, కార్బపెనెమ్ అను గొప్ప మందులను సైతము ముక్కలు చేయగల క్లెబ్సియెల్లా కనబడినది. అట్టివానికి కొలిస్టిన్ అను పాత మందును వైద్యులు తిరిగి వెలికితీయవలసి వచ్చెను. మూత్రపిండములకు హాని చేయునని మూలపెట్టిన మందు అది. ఆ కొలిస్టిన్‌ను కోళ్ళు బరువెక్కుటకై మేతలో కలుపుచుండిరి. 2019లో ప్రభుత్వము పశుపక్ష్యాదులకు దాని వాడుకను నిషేధించెను. మందులకు లొంగని సూక్ష్మజీవుల మూలముననే 2019లో ప్రపంచమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని పరిశోధకులు లెక్క తేల్చిరి.

మహాభారతమున ఇంద్రుడు కర్ణునకు ఇచ్చిన శక్తి ఒక్కమాఱే పనిచేయునది. అర్జునునికై దాచిన ఆ శక్తిని కర్ణుడు రాత్రి యుద్ధమున ఘటోత్కచునిపై విడువవలసివచ్చెను. అర్జునుడు ఎదురైననాడు అతని చేయి వట్టిది. ఘటోత్కచుడు సామాన్యుడు కాడు. సేన అంతయు నశించుచుండగా కర్ణునికి వేఱు దారి లేకుండెను. జలుబునకును, రెండు దినములలో దానంతట అది పోవు వైరసు జ్వరమునకును అట్టి శక్తిని ప్రయోగించువారికి ఆ సాకు కూడ లేదు. వైరసులపై ఈ మందులు ఏమాత్రము పనిచేయవు.

మన ఏటి సంగతియు ఒకటి చెప్పక తప్పదు. పటాన్‌చెరు ప్రాంతమున సుమారు తొంబది మందుల కర్మాగారముల మురుగు చేరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడన్ దేశపు పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరు నీటికి సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల వఱకు ఉండెను. ఆ మందు బిళ్ళ మింగిన రోగి రక్తమున లీటరుకు కొద్ది మిల్లీగ్రాములకు మించి ఉండదు. అనగా శుద్ధిచేసిన నీటిలో రోగి రక్తములో కంటె మందు ఎక్కువగ నుండెను. ఆనాడు ఆ నీరు ఇసుకవాగు మీదుగ నక్కవాగున కలిసెడిది. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర నిజాంసాగరు చేరును. తరువాతి కాలమున ఆ నీటిని గొట్టముల ద్వారా హైదరాబాదు వైపునకు మళ్ళించిరి. రోగిని బ్రతికించుటకు చేసిన మందు వాగున పాఱినచో, అచటి సూక్ష్మజీవులకు అది ఓర్పు నేర్పు బడి యగును. లోకమునకు మందులు అందించు కీర్తి మన ప్రాంతమునకు దక్కినది. ఆ కీర్తితోపాటు మురుగు లెక్క అడుగు బాధ్యతయు మనదే.

ఇట్లనినంత మాత్రమున మందులు మానవలయునని ఎవరును తలపరాదు. గ్రామ్ నెగటివు జీవి రక్తమున ప్రవేశించినపుడు గంటల జాగు ప్రాణమునకు ముప్పు. విడువని తీవ్ర జ్వరము, మగత, మాట తడబడుట, ఆయాసము, మూత్రము తగ్గుట అను లక్షణములు కనబడిన రోగిని, అందునను పసిబిడ్డను, గర్భిణిని, వృద్ధుని, వెంటనే దవాఖానకు చేర్పవలయును. అవసరమైనచోట ఆలస్యము తప్పు. అనవసరమైనచోట ఆత్రము తప్పు.

గృహస్థులు పాటింపదగిన నియమములు కొన్ని కలవు. బిళ్ళల పట్టీపై నిలువుగా ఎఱ్ఱగీత ఉన్నచో అది వైద్యుని చీటీ లేక కొనరాని మందు. 2016లో ప్రభుత్వము ఈ గుర్తును జనులకు తెలుపుటకు పూనుకొన్నది. అక్షరము రానివారును ఈ గీతను గుర్తింపగలరు. ఇంట చదువుకొన్న పిల్లలు దానిని పెద్దలకు చూపవలయును. వైద్యుడు చెప్పినన్ని దినములు, చెప్పిన వేళలకు మింగవలయును. జ్వరము దిగినదని స్వంతముగ మానరాదు. అత్తకు మిగిలిన బిళ్ళలు కోడలికి, పెద్దవానికి తెచ్చినవి సగము విఱిచి పిల్లవానికి పెట్టరాదు.

టైఫాయిడు అనుమానము కలిగినచో, విడాల్ పరీక్ష ఒక్కదానినే నమ్ముకొనుట చాలదు. ఎన్నడో వచ్చిపోయిన జ్వరమునకును, ఇతర జ్వరములకును అది అవును అని చెప్పుట కలదు. మందు మొదలిడకముందే రక్తము తీసి, అందు సూక్ష్మజీవిని పెంచి, ఏ మందునకు లొంగునో చూచు పరీక్ష మేలైనది. ఆ వసతి ఎచట నున్నదో వైద్యునే అడుగుట మంచిది. గ్రామవైద్యుని నిందించి లాభము లేదు. అర్ధరాత్రి తలుపు తట్టిన పలుకువాడు అతడే. అయినను పెద్ద సూది వేయుమని అతనిని నిర్బంధించుట మనవారి అలవాటు. ఆ నిర్బంధము మానినచో సగము మేలు.

విరేచనములు పట్టిన బిడ్డకు మొదటి మందు నీరు. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున గత్తర ప్రబలినపుడు, సెలైను సీసాలు చాలక, దిలీప్ మహాలనబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలమందిని కాపాడెను. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి త్రాగింపవచ్చును. కొలత తప్పరాదు. నెత్తురు పడినను, బిడ్డ వ్రేలాడిపోయినను దవాఖానకు పోవలయును.

అన్నిటికంటె చౌకైన ఉపాయము రోగము రాకుండ చూచుకొనుట. మలము నీటను కలియకుండుట, త్రాగునీరు శుభ్రముగ నుండుట, వంటకును భోజనమునకును ముందు సబ్బుతో చేతులు కడుగుట అను మూడింటితో టైఫాయిడు, గత్తర చాలవఱకు అణగును. టైఫాయిడునకు టీకాయు వచ్చినది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన క్రొత్త టీకాను 2018 ఆరంభమునాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించెను. ఆఱు మాసముల పసిబిడ్డకును ఒక్క సూదితో ఇయ్యదగినది అది. 2019లో సింధు దేశపు పిల్లలకు ఆ టీకాను వేసిరి. మందులకు లొంగని జ్వరము ఒక హైదరాబాదున పుట్టగా, దానికి అడ్డుకట్ట మఱియొక హైదరాబాదునుండి పోయెను. రోగమునకు ఎల్లలు లేవు, మేలునకును లేవు.

సభ్యులారా! ఈ గ్రంథాలయమున పుస్తకము తీసికొనువాడు పద్దులో సంతకము చేయును, గడువునకు తెచ్చి యిచ్చును, పుట మడువడు. ఎవడో ముక్కు మొగము తెలియని చదువరి తన వెనుక వచ్చునని అతని నమ్మకము. ఆ నమ్మకమే ఇరువదియైదేండ్లు ఈ సంస్థను నిలిపినది. మందుబిళ్ళను చేత పట్టినపుడును అదే నమ్మకము ఉండవలయును. మన వెనుక ఒక బిడ్డ జ్వరముతో రాగలదు. ఆ బిడ్డ వచ్చుసరికి మందు పనిచేయవలయును. కాలువ తోకయందలి మడికి నీరు మిగుల్చువాడే మంచి ఆయకట్టుదారు.

స్వస్తి.